పేపర్లో ఆగిన గానుగ

యాడికిలో మా టైలరింగ్ కొట్టు పక్కనే కృపాకుమారి గానుగ ఉండేది. మోటారుతో తిరిగే చెక్క గానుగ. వేరుశనగ నూనె ఆడించి సీసాల్లో పోసి అమ్మేది. భర్త పోయాక దాని మీదే బతికింది, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, ఒక్క విలేకరి బాలప్పవి తప్ప.

"వార్త రావాలంటే పేపరోళ్లతో మంచిగుండాల పుష్పా" అనేది నాతో. బాలప్ప మండలమంతా తిరిగొచ్చి ఆమె అరుగు మీదే కూర్చుని వార్తలు పంపేవాడు. టీ ఆమెది, ఫోన్ ఛార్జింగూ ఆమెదే. అతనికి జ్వరమొస్తే గంజి కాచి తీసుకుపోయింది. అతను మురుగుకాలువ మీద వార్త రాసినా చదివి, "ఎంత బాగా రాసినావన్నా" అనేది. మురుగుకాలువలో అంత బాగుండేదేమిటో నాకైతే తెలియదు. "నీ గానుగ కన్నా బాలప్ప చుట్టూ నువ్వే ఎక్కువ తిరుగుతాండావు" అని ఎగతాళి చేస్తే నవ్వేసి ఊరుకునేది.

ఆమె ఆరాటానికి కారణం లేకపోలేదు. ఊళ్లో అమ్మకం కరెంటు బిల్లుకే చాలదు. అనంతపురంలో ఒక పెద్ద కొట్టాయన, పేపర్లో వచ్చిన సరుకైతే జనం అడిగి కొంటారనీ, అలా వస్తే నెలనెలా నూనె తీసుకుంటాననీ మాటిచ్చాడు. ఆ వార్త రాకపోతే గానుగ అమ్ముకోవడమే గతి.

ఈ ఏడు వానల్లేవు. మా చుట్టుపక్కల చేలల్లో కాయే పట్టలేదు. అయినా ఆమె బళ్లారి వైపు నుంచి కాయలు తెప్పించి ఆడించింది. "ఇంత కరువులోనూ నా గానుగ ఆడతాండాది, ఈ మాట రాయన్నా" అంది. బాలప్ప అలాగే రాసి పంపాడు. అతని తప్పేమీ లేదు, నాకు చదివి వినిపించాడు కూడా.

ఆ వారంలోనే అనంతపురం నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కృపాకుమారి క్రిస్మస్‌కు కొన్న చీర కట్టుకుని నిలబడింది. ఇంట్లో కట్టే చీరైతే బాగుంటుందన్నాడు. మార్చుకుంది. "మోటారు ఆపమ్మా, ఫోటో అదురుతుంది" అన్నాడు. ఆపింది. నవ్వొద్దన్నాడు. నవ్వూ ఆపుకుని, గానుగ రోకలి మీద చెయ్యి వేసి నేలకేసి చూసింది. నాకు ఒళ్లు మండింది. ఆమెకేమో, పేపరోళ్లకు తెలియనిదా అని నమ్మకం.

ఆదివారం నాడు కరువు మీద ఒక పేజీ మొత్తం వేశారు. నట్టనడుమ కృపాకుమారి, పైన పెద్ద అక్షరాలతో 'ఆగిన గానుగ'. పంటల్లేక మూతపడిందట, ఆమె దిక్కులేనిదైపోయిందట. ఆ పొద్దున చర్చిలో పాస్టరు మూతపడిన గానుగ కోసం ప్రార్థన చేయించాడు. పక్కనున్న తిమ్మక్క కళ్లొత్తుకుంది. "యాడ మూతపడింది? నిన్న కూడా ఆడించినాను" అని కృపాకుమారి లేచి చెప్తే, ధైర్యం గల మనిషని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు అనంతపురం కొట్టాయనే ఫోన్ చేశాడు, పాపం, ఓదార్చడానికి. నూనె వేరేచోట మాట్లాడుకున్నాడట. ఆమె మోటారు వేసి ఫోన్ దాని దగ్గర పెట్టింది. "వినండి సార్, ఆడతాండాది!"

"నాకు వినబడతాండాదమ్మా. జనమంతా పేపర్ చూసినారు కదా. మూతపడిన గానుగ నూనె అంటే పాత సరుకనుకుంటారు."

బాలప్ప పేపరాఫీసుకు పోయి తప్పు దిద్దమని అడిగొచ్చాడు. కరువు పేజీ అయిపోయిందన్నారట. మళ్లీ కరువు మీద ఏమైనా ఉంటే పంపమన్నారట. ఊళ్లో కొనేవాళ్లు కూడా ఒక్కొక్కరే తాడిపత్రి నూనె ప్యాకెట్లకు మళ్లారు. ఆమె వాకిట్లోకి నూనె కోసం వచ్చేవాళ్లు పోయి, పాత చీరలతోనూ బియ్యంతోనూ వచ్చేవాళ్లు మిగిలారు.

చివరికి గానుగను లారీ ఎక్కించారు. బాలప్ప కూడా వచ్చాడు. ఫోన్ బయటికి తీసి, "ఈసారి నీ మాటే రాయిస్తానక్కా, నేనే దగ్గరుండి చూసుకుంటా" అన్నాడు.

"ఏమని రాస్తావన్నా? గానుగ ఆగిపోయిందనా?" అంది కృపాకుమారి. "అది మీరు ఎప్పుడో రాసేసినారు. నేనే ఆలస్యం చేసినా."