నిండుకున్న గోలీలు

మా ఇంట్లో "లేదు" అనే మాట పలకరు. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ "బియ్యం నిండుకున్నయి" అనేది. మంచి మాట నోట్లో ఉంటే మంచే జరుగుతుందని నమ్మకం. నమ్మకం సంగతేమో గానీ, ఆ మాట వినగానే సంచి పట్టుకొని ఎవరో ఒకరం కిరాణా కొట్టుకు పరుగెత్తేవాళ్లం. దాని అసలు అర్థం అదే.

మా చెల్లె, నేను మెదక్ బస్టాండు దగ్గర ఒకే షట్టర్ కొట్టులో ఎదురెదురుగా మిషన్లు వేసుకొని జాకెట్లు కుడతాం. దానికి షుగరు. పొద్దున్నే గోలీ వేసుకుందా లేదా అని అడగడం నా పని. విసుక్కుంటూ జవాబివ్వడం దాని పని. ఆ విసుగు కూడా నా సొత్తే అనుకునేదాన్ని, సారు వచ్చేదాకా.

సారు ప్రతి ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చి, ఫంక్షన్ హాల్లో జీవితాన్ని ఎలా మార్చుకోవాలో చెప్పేవాడు. ఇస్త్రీ నలగని కోటు. తియ్యటి గొంతు. మొదటి వారమే మా చెల్లెను పేరు పెట్టి పిలిచాడట. వారమంతా అదే ముచ్చట. నేను దాన్ని పుట్టినప్పటి నుంచీ పేరు పెట్టే పిలుస్తున్నాను, ఒక్కనాడూ మురిసింది లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. దాచడమెందుకు.

ఆ తర్వాత ప్రతిదానికీ "సార్ చెప్పిండు" మొదలైంది.

"రోజు గోలీ మింగుడంటే, నాకు రోగమున్నదని పెయ్యికి రోజు చెప్పుడేనట అక్కా. పెయ్యి ఇంటదట."

"మరి డాక్టర్ చెప్పింది ఇనదా నీ ఒళ్లు?" అన్నాను.

"నువ్వు జర కుళ్లుకుంటున్నవ్ అక్కా," అంది దారం తెంపుతూ.

అది నిజం. నేనన్నదీ నిజమే. కానీ కుళ్లులో ముంచి ఇచ్చిన నిజం ఎవరి గొంతు దిగుతుంది? గోలీలు కొనుక్కొచ్చి దాని మిషన్ మీద పెట్టాను. సాయంత్రానికి అవి నా మిషన్ మీద ఉన్నాయి.

చివరికి ఒక ఆదివారం నేనూ వెళ్లాను, ఆ మనిషిలో ఏముందో చూద్దామని. చెల్లె ముందు వరుసలో ఉంది. నేను వెనక కూలర్ పక్కన కూర్చున్నాను. సారు దాన్ని స్టేజీ మీదికి పిలిచి, ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని మైకు ఇచ్చాడు. అది మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"గోలీలు నిండుకున్నయి సార్," అంది.

ఆ గొంతు నాకు తెలుసు. ఖాళీ డబ్బా ముందు నిలబడ్డ మా అమ్మ గొంతు అది. నా చేతి గోలీలు వద్దన్న మనిషి, ఆయన నోటి మాట కోసం చూస్తోంది. కొనుక్కోమ్మా అంటే చాలు, కొనుక్కునేది.

"విన్నారా? అయిపోయాయి అనలేదు, నిండుకున్నాయి అంది. పాజిటివ్ మైండ్ అంటే ఇదీ. క్లాప్స్," అన్నాడు సారు.

చేగుంట నుంచి, కౌడిపల్లి నుంచి బస్సులెక్కి వచ్చినవాళ్లతో హాలు నిండి ఉంది. నిండుకోవడమంటే ఏమిటో తెలియని ఆడది అందులో ఒక్కతీ లేదు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. తెలివి ఉండి కాదు, కుళ్లు వల్ల. స్టేజీ మీద అది నవ్వుతోంది. దాని ముఖంలోకి అంత వెలుగు నేనెప్పుడూ తేలేకపోయాను.

కొద్ది రోజులకే చెల్లె మిషన్ మీద తల వాల్చేసింది. పిలిస్తే పలకలేదు. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకొని దవాఖానకు తీసుకుపోయాను. షుగరు విపరీతంగా పెరిగిందని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టర్ అన్నాడు. సెలైన్ ఎక్కుతుంటే మంచం పక్కన కూర్చొని ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక ఆ సారు పని అయిపోయింది, నా చెల్లె నాకు దొరికింది అనుకున్నాను. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

సాయంత్రానికి కళ్లు తెరిచింది. నా చేయి గట్టిగా పట్టుకుంది. పెదాలు కదులుతుంటే వంగి చెవి ఒగ్గాను.

"సారుకు చెప్పకు అక్కా," అంది. "నేను సక్కగ నమ్మలేదనుకుంటడు."