ముప్పై ఒకటో ట్యూబు

మొన్న గ్రేటర్ నోయిడాలోని మా కాలేజీలో, బయోటెక్నాలజీ మొదటి సంవత్సరం పిల్లలకి, ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే డీఎన్ఏ ఉంటుందని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి వాచీ చూసుకుంటుండగా, చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా ఒకటేనా సార్ అని అడిగింది. కాదన్నాను. ఎందుకు కాదో చెప్పకుండా, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచాను. మరి పరీక్షలో ఏది రాయాలి సార్ అని ఇంకొకడు అడగబట్టి గట్టెక్కాను గానీ, ఇంటికొచ్చినా మనసు కుదురుగా లేదు.

ముప్పై అయిదేళ్లకే జ్ఞాపకాలు రాయడం తొందరే, ఒప్పుకుంటాను. నా ఈడువాళ్లు ఇంకా రాలుతున్న జుట్టు గురించే బెంగపడుతున్నారు.

అప్పుడు నాకు పాతికేళ్లు. వసంత్ కుంజ్ దగ్గర ఒక పరిశోధనాలయంలో ప్రాజెక్టు అసిస్టెంటుని, అంటే పరిశోధన తప్ప మిగతా పనులన్నీ చేసేవాణ్ణి. మనిషి బతికినన్నాళ్లూ కణాలు రెండుగా విడిపోతూ, తమ డీఎన్ఏకి నకలు రాసుకుంటూనే ఉంటాయి. రాసేటప్పుడు అక్కడక్కడా ఒక అక్షరం తప్పుతుంది. ఎండకి చర్మంలో, పొగకి ఊపిరితిత్తుల్లో, ఏ పాపమూ చెయ్యకపోయినా వయసుకి రక్తంలో, ఆ తప్పులు పోగవుతాయి. జబ్బు లేనివాళ్ల రక్తంలో అవి ఎలా పెరుగుతాయో చూడడం మా పని. దానికి యాభై దాటిన ఆరోగ్యవంతులు కావాలి. ఆ వయసులో తమకే రోగమూ లేదని ఒప్పుకునే మనిషి ఢిల్లీ మొత్తం వెతికినా దొరకడని నాకప్పుడే తెలిసింది.

ఆదుకున్నది మా పిన్ని. బాపట్ల నుంచి వచ్చి, ముప్పై ఏళ్లుగా ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేస్తూ, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తెలుగు ఆంటీలందర్నీ చర్చి వరండాలో కూర్చోబెట్టి, మా అంగీకారపత్రం తనే చదివి చెప్పింది. “ఇది మనకి చేసే పరీక్ష కాదు, వాళ్ల చదువు. ఏం తేలిందో మనకి చెప్పరు, మనం అడక్కూడదు. మావాడికి ఫోన్లు చేసి ప్రాణం తీశారో, నేనూరుకోను.” అందరూ సైన్సు మీద ప్రేమకన్నా పిన్ని మీది భయంతో సంతకాలు పెట్టారు. చివర్న తనూ చెయ్యి చాపింది.

ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరిది ఏ నంబరో మాకు తెలియకూడదని, వాటిని అతికించే పని ఒక టెక్నీషియన్‌కి అప్పగించారు. ఆ రోజు ఆయన సెలవు. ఏముందిలే అని నేనే అతికించాను. మా అమ్మ ఫోను నంబరే గుర్తుండని బుర్రలో, పిన్ని ట్యూబు మీది ముప్పై ఒకటి మాత్రం తిష్ఠ వేసుకుంది.

మూడు నెలల తర్వాత ఫలితాలొచ్చాయి. “ముప్పై ఒకటి చూశావా? బ్యూటిఫుల్! మన రీసెర్చ్ పేపర్లో మొదటి బొమ్మ ఇదే,” అంది మా గైడ్ మేడమ్. రక్తాన్ని పుట్టించే మూలకణం ఒకదానిలో ఎప్పుడో పడిన తప్పు దానికి కలిసొచ్చి, అది తన సంతతిని పెంచుకుంటూ పోయి, ఇప్పుడా రక్తంలో పెద్ద వాటాకే సొంతదారైంది. ఇలాంటివాళ్లలో చాలామందికి ఎప్పటికీ ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం ఏళ్లు గడిచాక అదే రక్తపు కాన్సరవుతుంది. అది మా పిన్నిదని చెప్పాను. మేడమ్ తెర మీది బొమ్మ మూసేసింది. “నీకు తెలిసి ఉండకూడదు,” అంది. మళ్లీ చేసి చూశాం, అదే వచ్చింది. మనది ఆసుపత్రి పరీక్ష కాదు, దీనికి వేసే మందూ లేదు, ఫలితం చెప్పబోమని రాసిచ్చాం కాబట్టి చెప్పకు, అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు, నాకు నిద్ర పట్టకపోవడం తప్ప.

ఇక ప్రతి ఆదివారం దానిమ్మపళ్లతో హాజరు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, జ్వరం గానీ వచ్చిందా, దెబ్బ తగలకుండా ఎక్కడైనా కమిలిందా అని వరసగా అడిగేవాణ్ణి. పిన్ని కూతురు “భయ్యా, ఆర్ యూ ఓకే?” అని నా నుదురు పట్టుకు చూసేది. నాలుగో ఆదివారం పిన్ని యూనిఫారం ఇస్త్రీ చేస్తూ, పెట్టెని నిలబెట్టి నా వైపు తిరిగింది.

“ఏరా, చెప్పకూడనిది కడుపులో పెట్టుకుని తిరిగే డాక్టర్లని ముప్పై ఏళ్లు చూశాను. నువ్వు వాళ్లకన్నా అన్యాయం.”

“పిన్నీ, అది కాదు...”

“నోర్ముయ్. అడక్కూడదని అంతమందికి చెప్పింది నేను. నాకొక్కదానికే వేరే రూలా? అడగను, నువ్వూ చెప్పకు. ముందా దానిమ్మకాయలు తేవడం ఆపు, ఫ్రిజ్‌లో పాలకి చోటు లేదు.”

నిజంగానే అడగలేదు. ఏడాది తిరక్కుండా నేనా ఉద్యోగం మానేశాను. వెనక గొప్ప కారణాలేమీ లేవు, ఏ నంబరు చూసినా ఎవరి పిన్నో అనిపించేది, అలాంటివాడు పరిశోధనకి పనికిరాడు.

పిన్ని రిటైరై, క్వార్టర్స్ ఖాళీ చేసి, ద్వారకలో ఫ్లాటు తీసుకుంది. ఈ పదేళ్లలోనూ, ఆర్నెల్లకోసారి, ఆవిడ మోచేతి మడతలో రక్తం తీశాక వేసే చిన్న గుండ్రటి ప్లాస్టరు కనిపించేది. నేను చూసీ చూడకముందే కొంగు దాన్ని కప్పేసేది. నేను సీలింగు ఫ్యాను కేసి చూసేవాణ్ణి. ఇద్దరం మాట తప్పలేదు.

పోయిన నెల వెళ్లినప్పుడు కొంగు కదల్లేదు. “గోరుకి అందట్లేదు, లాగెయ్ రా,” అని చెయ్యి చాపింది. లాగాను. “అబ్బా, మెల్లిగా! ఇన్ని చదువులు చదివి ఇదీ చేతకాదు.” ఆ చెయ్యి ఆనాటి చెయ్యి కాదు, చర్మం పలచబడింది, మచ్చలొచ్చాయి, నరాలు పైకి తేలాయి. ఆ మార్పులు లెక్కపెట్టడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఉండబట్టలేక, రిపోర్టు ఎలా వచ్చింది పిన్నీ అని అడిగేశాను.

“నీకెందుకురా?” అని నవ్వి, “అన్నం వేడిగా ఉంది, కూర్చో,” అంది.

ఒకప్పుడు తెలిసీ చెప్పనిది నేను, ఇప్పుడు తెలిసీ చెప్పనిది ఆవిడ. చెప్పని మనిషికి ఎదురుగా కూర్చుని ఆ పూట అన్నం తిన్నాను. అదింత కష్టంగా ఉంటుందని ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకు తెలియనివ్వలేదు.