కారణం లేని స్లైడు

నలభై దాటినా చిన్నబ్బాయిని అందరూ చిన్నబ్బాయనే పిలిచేవారు. ఇంట్లో పెట్టిన పేరే అది కాబట్టి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. సొంతూరు పలివెల. పొద్దున్న బోర్డులు రాసేవాడు, మధ్యాహ్నం నుంచి కొత్తపేట టాకీసులో స్లైడ్లు రాసేవాడు. సినిమా మొదలయ్యే ముందూ, ఇంటర్వెల్లోనూ తెరమీద పడే బట్టల కొట్టు ప్రకటనలు, సైకిలు షాపు ప్రకటనలు, పొగ తాగొద్దనే హెచ్చరికలు అన్నీ అతని చేతిరాతే. కొత్త స్లైడ్లు వేసిన రోజు ఇంటర్వెల్లో కిందకి దిగి, నేల టిక్కెట్టు వాళ్ళ మధ్య గొంతుక్కూర్చుని, అక్షరాలు అక్కడికి సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూసుకుంటేగాని అతనికి తోచేది కాదు.

ప్రకటనల స్లైడ్లు రంగులతో తీరిగ్గా రాసేవి. అర్జంటు స్లైడ్ల సంగతి వేరు. హాల్లో ఉన్న మనిషి కోసం ఎవరైనా పరుగెత్తుకుంటూ వస్తే, గాజుపలకని కిరసనాయిలు దీపం మీద పట్టి మసి పట్టించి, ఆ మసిమీద సూదితో గీసేవాడు. గీసిన చోట వెలుతురు దూరి, నల్లటి తెరమీద తెల్లటి అక్షరాలు పడేవి. పని అయిపోగానే గుడ్డతో తుడిచేసి, పలకకి మళ్ళీ మసి పట్టించేవాడు.

టాకీసు ఆపరేటరు రామ్మూర్తికి ఇంగ్లీషు మాస్టారు కేశవరావు గారితో స్నేహం. మాస్టారు మాట్నీకి వస్తే సినిమా కన్నా క్యాబిన్లో కబుర్లే ఎక్కువ. ఒకరోజు చిన్నబ్బాయి ఉండబట్టలేక అడిగేశాడు.

"మేస్టారండీ, దీన్ని స్లైడని ఎందుకన్నారండీ?"

"స్లైడంటే జారడం అబ్బాయ్. పాత ఇంగ్లీషులోనూ ఆ మాటకి అర్థం అదే. కరెంటు లేని రోజుల్లో దీపం పెట్టె ముందు బొమ్మలేసిన గాజుపలకని పక్కనించి జార్చేవారు. గోడమీద బొమ్మ పడేది. జార్చే పలక గనక స్లైడు."

"మరి మా ఆవిడ తల్లో పెట్టుకునే స్లైడ్లోండి?"

"అవీ జుట్టులోకి జారేవే కదా! బళ్ళో పిల్లలెక్కే జారుడుబల్లా స్లైడే. బోదకాలు పరీక్షలవాళ్ళు రాత్రిపూట వచ్చి వేలు పొడిచి, నెత్తురు పూసుకుపోతారే, ఆ గాజుముక్కా స్లైడే. ఒక్క మాట చూడు, ఎన్ని కొంపల్లో కాపురం చేస్తోందో!"

"ఆయ్," అన్నాడు చిన్నబ్బాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య కృష్ణవేణి జడలోంచి ఓ స్లైడు లాగి, ఇదీ నా పనిముట్టూ అక్కాచెల్లెళ్ళే అని చెప్పాడు. కృష్ణవేణి అతన్ని ఎగాదిగా చూసి, స్లైడు లాక్కుని మళ్ళీ తల్లో పెట్టుకుంది.

అర్జంటు స్లైడ్లకి ఆ హాల్లో రెండు కట్టుబాట్లుండేవి. రెండూ చిన్నబ్బాయి పెట్టినవే. మొదటిది, ఎవరి పేరైనా సరే పక్కన గారు ఉండి తీరాలి. కొబ్బరి ఒలిచేవాడైనా, చేలో కలుపు తీసే మనిషైనా తెరమీద గారే. బతుకంతా ఒరే, ఒసే అనిపించుకున్నవాళ్ళు కూడా ఆ ఒక్క నిమిషం గారు అయ్యేవారు. రెండోది, చావు కబురు తెరమీద రాయకూడదు. పురుడు వచ్చినా, చుట్టాలు వచ్చినా, ఫోను వచ్చినా ఆ సంగతి రాసేవాడు. మనిషి పోతే మాత్రం 'ఫలానా గారు బయటకు రావలెను' అని రాసి ఊరుకునేవాడు. కొన్నాళ్ళకి ఊరంతా ఇది పట్టేసింది. కారణం లేని స్లైడు పడిందంటే హాలు మొత్తం గప్‌చుప్ అయిపోయేది. లేచినవాళ్ళకి దారి ఇచ్చేవారే గాని ఎవరూ నోరు విప్పేవారు కాదు.

ఆ కట్టుబాటే ఒకసారి అతని మెడకి చుట్టుకుంది.

పలివెలలోనే వాళ్ళ వీధి చివర రత్నం అనే ఆవిడ ఉండేది. మొగుడు కువైట్‌లో డ్రైవరు. అప్పటికింకా ఇళ్ళల్లో ఫోన్లు లేవు, టాకీసు ఎదురుగా ఉన్న బూత్‌కే కువైట్ ఫోన్లన్నీ వచ్చేవి. ఓ రోజు రత్నం మాట్నీలో ఉండగా బూత్ నుంచి కబురొచ్చింది, వాళ్ళాయన మళ్ళీ కాసేపట్లో చేస్తాడని. సరిగ్గా అప్పుడే రీలు తెగింది. రామ్మూర్తి కేకలేస్తున్నాడు, కింద జనం ఈలలేస్తున్నారు. ఆ గొడవలో చిన్నబ్బాయి 'పలివెల రత్నం గారు వెంటనే బయటకు రావలెను' అని గీకేసి స్లైడు దూర్చేశాడు. ఫోను మాట మరిచిపోయాడు.

రత్నం తండ్రి నెల్లాళ్ళుగా మంచం మీద ఉన్నాడు. తెరమీద తన పేరు చూసి ఆవిడ ఒక్క కేక పెట్టి లేచింది. హాలంతా పక్కకి ఒత్తిగిల్లి దారిచ్చింది. మెట్ల మీద ఎవరో సోడా ఒలకబోశారు, ఆవిడ కాలు జర్రున జారి చెయ్యి కిందపెట్టి పడింది. పడ్డది పడ్డట్టే లేచి, బూత్ ముందునించే ఏడుస్తూ పరుగెత్తింది. తండ్రి పోయిన మనిషిని ఆపడమెందుకని ఎవరూ ఆపలేదు. ఇంటికెళ్ళేసరికి తండ్రి అరుగుమీద కూర్చుని జావ తాగుతున్నాడు. ఇక్కడ బూత్‌లో ఫోను మోగి మోగి ఆగిపోయింది. సినిమాల్లో పడి మొగుడి ఫోను కూడా వినలేదని అత్తగారు చాలా రోజులు దెప్పింది. విరిగిన మణికట్టు, నాటు కట్టు సరిగా కుదరక, కొంచెం వంకరగా ఉండిపోయింది.

చిన్నబ్బాయి వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మం బయట నిలబడి, తప్పైపోయిందమ్మా అన్నాడు.

"ఏముందిలెండి. మీరు రాసేరు, నేను పరిగెట్టేను," అంది రత్నం. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ తరవాత ఆవిడ టాకీసు గుమ్మం తొక్కలేదు. అతను ఎదురైతే కొంగు సర్దుకుని పక్కకి తిరిగేది.

ఆ మాట పాతబడింది. రత్నం మొగుడు డబ్బు పంపి ఇంట్లో ఫోను పెట్టించాడు. వీధి మొత్తానికి అదే ఫోను. కృష్ణవేణికి, పెళ్ళైన ఎన్నో ఏళ్ళకి, కడుపు పండింది. ఎవరికీ చెప్పకుండా చిన్నబ్బాయి ఉయ్యాల తొట్టికి రంగులు వేశాడు, తొట్టి అంచున చిలకల వరస కూడా దించాడు. కాని నెలలు నిండేసరికి ఆవిడకి కాళ్ళు వాచి, నెత్తురు తగ్గి, కళ్ళు తిరగడం మొదలైంది. అమలాపురం ఆసుపత్రిలో చేర్పించారు. డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచి, ముందు మనిషి దక్కాలి, మిగతాది తరవాత మాట్లాడుకుందాం అంది.

టాకీసులో మర్నాడే కొత్త సినిమా. ప్రకటనలన్నీ కొత్తవి రాయాలి. అతను కదలనంటే కృష్ణవేణే పంపింది.

"ఎల్లండీ. ఇక్కడ కూచుని నా మొహం చూత్తే ఏం వత్తాది? తమ్ముడున్నాడుగా. ఏదన్నా అయితే రత్నం గారింటికి ఫోను చేయిత్తాను."

"ఆవిడకా?" అన్నాడు చిన్నబ్బాయి.

"ఆవిడకే. మీకూ ఆవిడకీ మాటల్లేకపోతే నాకూ లేవా?"

మర్నాడు మాట్నీకి అతను స్లైడ్లన్నీ రాసిచ్చాడు. మెట్లమీద అడుగు చప్పుడైనప్పుడల్లా గుండె జారిపోయేది. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళని భయపెట్టిన ఆ కారణం లేని స్లైడుకి ఇవాళ తనే భయపడుతున్నాడు. ఎంతమందిని ఇలా కూర్చోబెట్టానో అనుకున్నాడు. ఇంటర్వెల్ అవగానే అలవాటుకొద్దీ కిందకి దిగి నేలలో కూర్చున్నాడు. పైన ఉండలేకపోయాడన్నది అసలు మాట.

బట్టల కొట్టు పడింది. సైకిలు షాపు పడింది. తరవాత తెర నల్లబడి, వంకరటింకర అక్షరాలు వచ్చాయి. తన రాత కాదు. రామ్మూర్తి రాత.

'చిన్నబ్బాయి గారికి. కృష్ణవేణి గారు క్షేమం. బయటకు రావలెను.'

కారణం ఉన్న స్లైడు కదా, హాలు చప్పట్లతో, ఈలలతో ఊగిపోయింది. పక్కనున్న వేరుశనక్కాయలమ్మే చిన్నది, "మీరేనాండీ?" అంటూ నవ్వింది. చిన్నబ్బాయి సగం లేచాడు. మనిషి దక్కింది! కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ నీళ్ళలోంచే ఇంకోసారి చదివాడు. ఇన్నేళ్ళూ అలాంటివి రాసినవాడు గనక, ఈసారి చదివింది వేరు. పురుడొస్తే ముందు రాసేది బిడ్డ మాట. ఆడో మగో రాశాకే తల్లి మాట. ఇందులో బిడ్డ మాటే లేదు. చుట్టూ చప్పట్లు మోగుతూనే ఉన్నాయి.

గేటు దగ్గర రత్నం నిలబడి ఉంది. ఎండకి మొహం కందిపోయింది. పలివెల నుంచి నడిచే వచ్చినట్టుంది.

"మీ బావమరిది ఫోను చేసేరండి. నాలాగ మీరూ ఏదో అనుకుని పరిగెట్టకూడదని రామ్మూర్తి గారి చేత దగ్గరుండి రాయించేను," అంది.

"బాబా, పాపా?"

ఆవిడ వంకర చేత్తో కళ్ళు తుడుచుకుంది. "బాబేనండి."

చిన్నబ్బాయి తల ఊపాడు. ఆవిడకి దణ్ణం పెట్టాడు. బస్సెక్కబోతూ ఏం తోచిందో వెనక్కి పరుగెత్తి, రామ్మూర్తి తుడిచెయ్యబోతున్న గాజుపలకని పట్టుకుని, మసి చెరగకుండా మీద ఇంకో గాజు పెట్టి దారం చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఆసుపత్రిలో కృష్ణవేణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను మంచం అంచున కూర్చుని, చెదిరిన జుట్టులోంచి జారిపోతున్న స్లైడుని తీసి సరిగ్గా పెట్టాడు.

"మీకెలా తెలిసింది?" అంది కృష్ణవేణి.

"తెరమీద వేసేరు. హాలంతా చప్పట్లు కొట్టేరు."

"నాకా?"

అతను జేబులోంచి పలక తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. గారు అన్నచోట ఆగింది. ఆవిణ్ణి ఎవరూ ఎప్పుడూ అలా పిలిచింది లేదు. ఇంకోసారి మొదటినుంచి చదివి, పలక వెనక్కి తిప్పి చూసింది.

"వాడి మాట రాయలేదేమండీ?"

"రాయరు కృష్ణవేణీ," అన్నాడు చిన్నబ్బాయి. "అది రాయరు."