మునిగిన రోజు ప్రభాకర్ అన్నం ఎక్కడ తిన్నాడు

నిన్న పొద్దున కిరణ్ ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, బాపు పోయిండు. నిద్రలనే."

"సరే" అన్నాను. ఇంత చదువుకున్న నోటికి ఆ మాటే దొరికింది.

పొయ్యి మీద చాయ్ మాడిపోయింది. గిన్నె ఇంకా నానుతూనే ఉంది.

ప్రభాకర్ నా మరిది, కిరణ్ తండ్రి. బోధన్‌లో బెల్లం పొడి కంపెనీ ఓనర్.

నిన్నటి నుంచి అందరి స్టేటస్‌లలో ఒకటే మాట: "జీరో నుంచి ఎదిగిన మనిషి." ఫ్లెక్సీ మీద కూడా అదే వేయిస్తానన్నాడు కిరణ్.

ఆ జీరో సంగతి నాకు కొంచెం తెలుసు.

అందులో మా మామగారి చెరకు తోట ఉంది. రోడ్డు మీద గోదాం ఉంది. ఆయన పేరు చెబితే కుర్చీ వేసి చాయ్ తెప్పించే బ్యాంక్ మేనేజర్ ఉన్నాడు.

కష్టపడలేదని అనను. పడ్డాడు. కింద పరుపు ఉంది, అంతే.

మొదటి సరుకు వానాకాలంలో తీశాడు. సరిగ్గా ఆరబెట్టకుండానే ప్యాకింగ్. పొడి కాస్తా ఇటుకలైంది. షాపుల వాళ్లు అంతా వాపస్ పంపారు. కంపెనీ మూతపడింది.

ఇటుకలు మా వంటింటికి చేరాయి. రోకలితో పగలగొట్టి ఆ ఏడాదంతా పరమాన్నం వండాను.

రెండోసారి వడ్డించుకుంటూ, "టేస్ట్ అయితే మంచిగనే ఉన్నది కదా వదినె" అన్నాడు.

"ఉన్నది. కస్టమర్ నేనొక్కదాన్నే దొరికిన."

మరుసటి ఏడు మళ్లీ పెట్టాడు. అదే గోదాంలో. ఈసారి నిలిచింది.

కొన్నేళ్ల కింద, నిజామాబాద్‌లో నేను పాఠాలు చెప్పి రిటైరైన కాలేజీకి స్పీచ్ ఇవ్వడానికి వచ్చాడు. నేను ముందు వరసలో. జీరో కథ అయింది, చప్పట్లు అయ్యాయి.

చందూర్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచింది.

"సార్, మా బాపు గూడ బెల్లం పెట్టిండు. గిట్లనే వానల మునిగిండు. మల్ల పెట్టలే, కూలికి పోతుండు. మీరు మునిగిననాడు అన్నం యాడ తిన్నరు సార్?"

వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

ప్రభాకర్ మైక్ ఎడం చేతికి మార్చుకున్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు.

"మా వదినె ఇంట్ల తిన్న బిడ్డా. పరమాన్నం."

ఈసారి చప్పట్లు లేవు.

ఆ అమ్మాయి తండ్రికి గోదాంలో ఒక మూల ఇచ్చాడని రాస్తే బాగుండేది. ఇవ్వలేదు.

కానీ ఆ తర్వాత ఏ స్టేజీ మీదా జీరో అనలేదు. "మా బాపు గోదాంల మొదలుపెట్టిన" అనేవాడు. స్పీచ్‌లకు పిలిచేవాళ్లు తగ్గారు.

ఇవాళ ఫ్లెక్సీ డిజైన్ వచ్చింది. ఫోటో కింద జీరో.

"మీ బాపు తీసేసిన మాట నువ్వెందుకు పెడుతున్నవ్ రా?"

"అందరు గదే అంటుండ్రు కదా పెద్దమ్మా."

"అననీ. ఆయన అనుడు బంద్ జేసిండు."

గంట తర్వాత ఇంకోటి పంపాడు. ఫోటో, పేరు. కింద ఖాళీ. బాగుంది.

ప్రభాకర్, నువ్వు వెళ్లిన చోట గోదాం లేదు, నా వంటిల్లూ లేదు.

ఈసారి నిజంగానే జీరో.

తొందరపడకు. పొడి బాగా ఆరనివ్వు. శాంతిగా ఉండు.