పల్చబడని శక్తి గురించి అడిగిన అమ్మాయి

తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్సు చెబుతాను. ఆ ఏడు ఫైనలియర్‌లో మిగిలింది పదకొండు మంది. వాళ్లలో ఏర్పేడు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె. పెద్దగా మాట్లాడేది కాదు.

ఒక మధ్యాహ్నం, సిలబస్ అయిపోయిందన్న ధీమాతో విశ్వం గురించి మొదలుపెట్టాను. గెలాక్సీలు దూరమవుతున్నాయనీ, ఆ వేగం తగ్గాల్సింది పోయి ఇంకా పెరుగుతోందనీ, కారణమేమిటో తెలియక దానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టుకున్నారనీ చెప్పాను. చోటు ఎంత పెరిగినా ఆ శక్తి పల్చబడదని చాలామంది అనుకుంటున్నారని కూడా అన్నాను.

ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, శక్తిని పుట్టించలేము, నాశనం చేయలేము అని ఫస్టియర్‌లో మీరే చెప్పినారు. చోటు పెరిగినా శక్తి పల్చబడకపోతే మొత్తం పెరిగినట్టే కదా? ఆ కొత్తది యాడ నుంచి వస్తా ఉండాది?"

నాకు తెలియదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తెలియదమ్మా అంటే సరిపోయేది.

"ముందు పరీక్షకు వచ్చేది చదువుకో. పోయిన సెమిస్టరులో నీ మార్కులు చూసుకున్నావా?" అన్నాను.

వెనక బెంచీలు నవ్వాయి. ఆమె కూర్చుంది. నెల తిరక్కుండా కాలేజీ మానేసింది. తడ వైపు ఏదో కంపెనీలో చేరిందని తోటి పిల్లలు చెప్పారు. ఇంటి పరిస్థితులే కారణమై ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

వేసవి సెలవుల్లో ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు తిరగేశాను. చోటే సాగిపోతున్నప్పుడు, విశ్వమంతటినీ కలిపి లెక్కించబోతే, మేము ఫస్టియర్‌లో వల్లె వేయించే ఆ నియమం అలా వర్తించదట. ఆమెకు వచ్చిన అనుమానం సరైనదే. అది అర్థం కావడానికి నాకు పది రోజులు పట్టింది.

ఆ ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లాను. వాళ్ల నాయన వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకోనుండాది సార్. లేపుతా, ఉండండి."

వద్దనేలోపే లేపాడు. ఆమె చున్నీ సర్దుకుంటూ వచ్చింది. బాగా చిక్కిపోయింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను తెలుసుకున్నదంతా గబగబా చెప్పేశాను. "ఆ రోజు నాకు జవాబు తెలియక నిన్ను కసురుకున్నానమ్మా" అని కూడా చెప్పాను.

ఆమె ఒద్దికగా నిలబడి అంతా విన్నది.

"నేను అడిగినానా సార్? గ్యాపకం లేదు."

నిజంగానే మరిచిపోయిందో, మరిచిపోయానని చెప్పడమే మేలనుకుందో నాకిప్పటికీ తెలియదు. ఆ వెంటనే, "సార్, కంపెనీలో సర్టిఫికెట్లు అడుగుతా ఉండారు. నా టీసీ ఇప్పిస్తారా?" అంది.

మరునాడు ఆఫీసులో నేనే దగ్గర నిలబడి రాయించాను. చదువు మానడానికి కారణం అన్న గడి దగ్గర గుమాస్తా తలెత్తి చూశాడు.

"సొంత కారణాలు అని రాసేదా సార్?"

రాయమన్నాను.