రేడియో లేని ఇంటి మీద ఏరియల్

అరవై తొమ్మిదిలో ఊరు ఊరంతా తెలంగాణ ఉద్యమంతో ఉడికిపోతుంటే, నేను ఎదురింటి రేడియోను చూసి ఉడికిపోతుండేదాన్ని. అందరి గొడవ అందరిది, నా గొడవ నాది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మాది కిరాయి ఇల్లు. సందుకు అటు నాలుగు, ఇటు నాలుగు పెంకుటిళ్లు. ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు అప్పుడు అన్నీ చేలే. మా ఆయన చాదర్‌ఘాట్‌లో బట్టల దుకాణంలో పనిచేసేవాడు. నేను పోచంపల్లి పక్క నేతవాళ్ల ఇంటి పిల్లను. ఎదురింట్లో బెజవాడ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు. ఆయనకు తంతి ఆఫీసులో టెలిగ్రాములు పంపే ఉద్యోగం. ఆమెకు నా ఈడే. ఆ సందు మొత్తానికి రేడియో ఉన్నది వాళ్ల ఒక్క ఇంట్లోనే.

బస్సులు ఎప్పుడు ఆగుతాయో, ఏ పేటలో కర్ఫ్యూ పెడతారో ఎవరికీ తెలియని రోజులు. మా ఆయన సైదాబాద్ మీదుగా నడిచి ఇంటికొచ్చేవాడు. వచ్చి కాళ్లు కడుక్కుని, నా మొహం వంక కూడా చూడకుండా, ఎదురింటామె పిలిచీ పిలవగానే నేరుగా ఆ అరుగెక్కేవాడు. అక్కడ వార్తలు, వార్తల మీద వాదన, వాదన మీద చాయ్. ఈయనేమో తెలంగాణ రావాల్సిందే అంటాడు, ఆయన కూడదంటాడు. బయట జనం కొట్లాడుకుంటుంటే వీళ్లిద్దరూ అరుగు మీద పడీ పడీ నవ్వుకునేవాళ్లు. పోనీ కొట్లాడుకుని విడిపోతారేమో అని ఎంత ఆశపడ్డానో!

“రోడ్డు ఢిల్లీది, రైలు ఢిల్లీది, తంతి ఢిల్లీది. ఆఖరికి గాల్లో వచ్చే పాట మీద కూడా అజమాయిషీ ఢిల్లీదేనండీ. అందుకే రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టించుకుంటారు,” అని ఆయన చెబుతుంటే మా ఆయన నోరు తెరుచుకుని వినేవాడు. నేను ఒక మాట రెండోసారి అంటే “ఇన్న తియ్, మల్ల మల్ల చెప్పకు” అని కసిరే మనిషి!

మీరు ఏమేమో అనుకోకండి. ఆమె మా ఆయన్ను అన్నయ్యగారూ అనేది, ఈయన ఆమెను చెల్లెమ్మా అనేవాడు. నాకు ఆ అనుమానం ఎన్నడూ లేదు. నా కుళ్లు వేరే. పొద్దంతా ఒక్కదాన్నే గోడలు చూసుకుంటూ ఉండి, సాయంత్రానికి మొగుడొస్తే ఆ మొగుడు ఎదురింటి పాలు. ఆయన నవ్వు నేను విన్నదంతా సందు అవతలి నుంచే.

ఒకరోజు ముద్ద కలుపుకున్నాడు, ఇంకా నోట్లో పెట్టుకోలేదు. “అన్నయ్యగారూ, వార్తలొస్తున్నాయండీ!” అని ఆమె పిలిచింది. ముద్ద పళ్లెంలో వదిలి, చెయ్యి కడుక్కుని పోయాడు. నేను చేసిన వంకాయ కూర అట్లాగే ఉండిపోయింది. కడుపు మండిపోయింది నాకు.

అప్పుడు తట్టింది ఈ ఉపాయం. రేడియో ఉన్న ఇంటి మీద రాగితీగతో అల్లిన సన్నని జాలీ కడతారు కదా, ఏరియల్. అదొకటి మా ఇంటి మీదా కనిపిస్తే, వీళ్లకూ రేడియో వచ్చిందనుకుని ఆమె పిలవడం మానుకుంటుంది. పిలుపు రాకపోతే ఈయన ఇంట్లో ఉంటాడు. కొన్నామని నేను నోటితో చెప్పబోను, ఆమె అనుకుంటే నేనేం చేసేది?

ఎల్బీనగర్ వైపు చేలల్లో మోటార్లు బాగుచేసే మా చిన్నాయన ఉండేవాడు. పాత మోటార్ల రాగితీగ అడిగి తెచ్చుకున్నాను. గోడకు మేకులు కొట్టి, మగ్గం మీద నిలువు పోగుల్లాగా తీగను పడుగు కట్టాను. వాళ్లింటిది నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ. నేను కూడా అంతే అల్లి ఊరుకోవాల్సింది. కానీ చాలా రోజుల తర్వాత చేతికి నేత దొరికింది, ఆగలేకపోయాను. జానెడు వెడల్పు నేశాను. అటూ ఇటూ అంచు కూడా వేశాను. రెండు వాసాలకు కట్టి పెంకుల మీద నిలబెడితే ఎండలో ధగధగలాడిపోయింది.

“ఇదేందే, చేపల వలనా?” అన్నాడు మా ఆయన.

“వదినగారూ, రేడియో కొన్నారా? చెప్పనేలేదే!” అని ఆమె సంబరపడింది. నేను చీర కొంగు సర్దుకుని లోపలికొచ్చేశాను. ఆ రోజు నుంచి పిలుపు ఆగింది. ఆగితే ఏం లాభం, ఈయన పిలవకుండానే పోవడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం లైసెన్సులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ సందులోకొచ్చాడు. వీళ్లు ఇంటి గుమ్మం చూసుకుంటూ రారు, కప్పులు చూసుకుంటూ వస్తారు. నా ఏరియల్ పెద్ద రోడ్డుకే కనబడిందట.

“ఏమ్మా, లైసెన్స్ తియ్యి.”

“రేడియో లేదు సార్.”

“గింత పెద్ద జాలీ కట్టి రేడియో లేదంటవా? ఎక్కడ దాచినవ్?”

“బట్టలు ఆరేసుకోనీకి కట్టిన సార్.”

“రాగితీగ మీదనా? అంచు గూడ ఏసినవ్!” అని ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ట్రంకుపెట్టె తెరవమన్నాడు. సందులో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. పెట్టె తెరిస్తే రేడియో లేదని సందంతా చూస్తుంది, తెరవకపోతే జుర్మానా. తాళంచెవి పట్టుకుని నిలబడిపోయాను. తల కొట్టేసినట్టయింది.

“అది మాదేనండీ,” అంటూ ఎదురింటి ఆమె చేతిలో లైసెన్సుతో వచ్చేసింది. “మా కప్పు మీదిదానికి ఎత్తు చాలక వాళ్లింటి మీద ఇంకోటి కట్టించుకున్నాం. కావాలంటే వచ్చి మా సెట్టు చూసుకోండి.” ఆయన లైసెన్సు చూశాడు, జాలీ చూశాడు, నన్ను చూశాడు. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆమె నా చెయ్యి పట్టుకుని “ఏం కాలేదులెండి వదినగారూ,” అంది. అంతే. ఎందుకు కట్టావని అడగలేదు, నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అని కసి తీర్చుకునేదాన్ని. రేడియో ఆమెదే, పరువు కాపాడే మంచితనమూ ఆమెదేనా? అన్నీ ఆ ఇంటికే ఎందుకు పెట్టాడో దేవుడు.

సాయంత్రం మా ఆయన కాళ్లు కడుక్కుంటుంటే తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఇన్‌స్పెక్టర్ గొంతుతో ఒకటి, నా గొంతుతో ఒకటి, జరిగినదంతా చేసి చూపించాను. ఆయన నవ్వాడు! గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నా ఇంట్లో, నా మాటకు. ఆ ఊపులో దాచుకున్నది కూడా చెప్పేశాను.

“నువ్వు నాతోని జరసేపు కూసుంటవని కట్టిన. ఇంకేం లేదు.”

“అరె పిచ్చిదానా!” అన్నాడు. ఇంకా నవ్వుతూనే, “ఆగు, గీ ముచ్చట వాళ్లకు చెప్పొస్త,” అని సందు దాటేశాడు.

గుమ్మంలో నిలబడి విన్నాను. ఇన్‌స్పెక్టర్ గొంతు నాకన్నా బాగా చేశాడు. అంచు మాట దగ్గరికొచ్చేసరికి తంతి ఆఫీసాయన పగలబడి నవ్వాడు. తర్వాత నేను చివర అన్న మాట కూడా చెప్పేశాడు. అటువైపు నవ్వు ఆగిపోయింది. ఆమె ఏదో మెల్లగా అంది. రేడియో కట్టేసిన చప్పుడైంది.

కాసేపటికి మా ఆయన తిరిగొచ్చాడు. చాప పరుచుకుని, నా ఎదురుగా కూర్చున్నాడు. వార్తల వేళ ఇంకా కాలేదు. గబగబా కొంగుతో మొహం తుడుచుకున్నాను.

“ఏందయ్యా, అప్పుడే ఒచ్చినవ్?”

“చెల్లెమ్మ పొమ్మన్నది,” అన్నాడు.