మంచులో ముందు నడవడం

మోకాలి లోతు మంచులో దారి చేసుకుంటూ పోయేవాడికీ, ఆ అడుగుల్లో అడుగు వేసుకుంటూ వెనక వచ్చేవాడికీ శ్రమలో సగానికి సగం తేడా ఉంటుంది. ఈ సంగతి మొదటి చలికాలంలోనే నాకు తెలిసింది. తెలిసినా మూడు చలికాలాలు నేనే ముందు నడిచాను.

మేముండే పిస్కాటవే నుంచి అయిదు గంటలు డ్రైవ్ చేస్తే కొండల్లో ఒక నేషనల్ పార్క్ వస్తుంది. అందులోని ట్రైల్స్ అన్నీ చలికాలంలోనే నడవాలని నేనూ ఒక మిత్రుడూ పెట్టుకున్నాం. డిసెంబరు మొదటి తేదీ నుంచి మార్చి ఆఖరు దాకా నడిచిందే లెక్క. వేసవిలో అందరూ నడుస్తారు, అందులో గొప్పేముంది అని నేనన్నాను. ఆయన సరే అన్నాడు. మంచు పడగానే కొండ మీది రోడ్డు మూసేస్తారు. కారు లోయలో పెట్టి, ట్రైల్ మొదలయ్యే చోటికి చేరడానికే రెండు గంటలు ఎక్కాలి. మూత దగ్గర గడ్డకట్టకుండా నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోవడం, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర కోటు లోపల పొట్టకు ఆనించి మోయడం ఒక్కొక్కటే నేర్చుకున్నాం.

ఆయన ఫార్మా కంపెనీలో రిటైరయ్యాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. మా ఇద్దరివీ పక్కపక్క ఊళ్లని ఇక్కడ ఒక పెళ్లి భోజనాల దగ్గర బయటపడింది. వాళ్ల తాత మా తాతగారి దగ్గర పని చేశాడు. అప్పట్లో మా చేతిలో నాలుగు ఊళ్లుండేవి. నాన్నగారి కాలానికి అన్నీ పోయి, నేను పెరిగింది కాకినాడలో రెండు గదుల అద్దె వాటాలో. అక్కడ కూడా నాన్నగారు మమ్మల్ని గోడకు ఆనుకుని కూర్చోనిచ్చేవారు కాదు. పోయినవి పోగా నా వంతుకు వచ్చింది ఆ నిటారు వెన్ను. మిత్రుడు నన్ను నవ్వుతూ ‘బాబుగారూ’ అనేవాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

మొదట్లో ఆయన, “మారదామాండీ?” అని అడిగేవాడు. “పర్లేదు” అనేవాణ్ణి. తరవాత అడగడం మానేశాడు. ఆయన వెనక నడవాలన్న ఆలోచనే నాకు మింగుడుపడేది కాదు. మా ఇంట్లో మగవాళ్లు ముందు నడిచేవారని చిన్నప్పటి నుంచి విన్నాను. ఎక్కడికి, ఎలా అని ఎవర్నీ అడగలేదు.

మూడో ఏడు మార్చి చివరి శనివారానికి ఒక్క ట్రైల్ మిగిలింది. ఏప్రిల్‌లో ఆయన కాలిఫోర్నియాలో డబ్లిన్‌కి, కూతురి దగ్గరికి మకాం మారుస్తున్నాడు. ఆ రోజు కాకపోతే ఇక లేదు. చలి పోయిందని అందరూ అనుకున్నాక, ఆ వారం మధ్యలోనే అడుగున్నర మంచు పడింది.

మధ్యాహ్నానికి నా కాళ్లు నా మాట వినడం మానేశాయి. ఇరవై అడుగులు వేయడం, నిలబడడం. మళ్లీ ఇరవై. ట్రైల్ చివర పాతిన రాతి స్తంభానికి ఇంకా మైలు దూరం ఉంది.

“బాబుగారూ, ఆగండి. మార్నింగ్ నుంచి మీరే లీడ్ చేస్తన్నారు.”

“అలవాటైపోయింది.”

“అలవాటు కాదండి. మూడేళ్లుగా చూస్తన్నాను. నా ఎనకాల నడవడం మీకిష్టం లేదు.”

ఆయన చేతికర్ర మంచులో గుచ్చి, దాని మీద బరువు వేసి నిలబడ్డాడు.

“మీకో సంగతి చెప్పనా? మీ తాతగారు చేలకెళ్తంటే గట్టు మీద ముందు నడిచేవోడు మా తాతండి. పాములుంటాయని కర్రతో కొట్టుకుంటా పోయేవోడు. మీ తాతగారు పదడుగులు ఎనకాల వచ్చేవోరంట.”

“నిజంగానా?”

“మా నాయనమ్మ చెప్పేది. ఓసారి కాటేసింది కూడా. బతికేడు లెండి. చివరిదాకా కాలు ఈడ్చేవోడు.”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది. వెనక నడిస్తే ఓడిపోయినట్టని అంతవరకూ అనుకున్నాను. ఇది విన్నాక వెనక నడవడం అంతకన్నా హీనంగా తోచింది. ముందు నడవడానికి కాళ్లు లేవు. వెనక్కి తిరిగిపోతే మూడు చలికాలాల నడక అక్కడితో ఆగిపోతుంది, నాదే కాదు, ఆయనది కూడా.

“మరి ఏం చేద్దాం?” అన్నాను.

“వందడుగులు మీరు, వంద నేను. మా ప్లాంట్‌లో షిఫ్టుల్లాగ. తాతలిద్దరికీ ఇవాళ లీవు ఇచ్చేద్దారి.”

మొదటి వంద ఆయన వేశాడు. వెనక నడిచాను. పాదం పెట్టిన చోటల్లా మంచు అప్పటికే అణిగి గట్టిగా ఉంది. ఇంత తేలికా అనుకున్నాను. మూడేళ్లుగా ఆయనకు దక్కింది ఈ తేలికే కదా అని కాస్త ఊరట కలిగింది, వెంటనే ఆ ఊరటకు సిగ్గు కూడా వేసింది. నా వంతు వంద రెండుసార్లు ఆగి పూర్తి చేశాను. రెండో వంతులో అరవై దాటలేకపోయాను. మూడోసారి ముప్పై దగ్గర పక్కకు జరిగి, తొడల దాకా మంచులో కూరుకుపోయి నిలబడ్డాను.

“ఇక నా వల్ల కాదండి.”

ఆ మాట నేను ఎవరితోనూ అన్నవాణ్ణి కాను. రెండుసార్లు ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో కూడా అనలేదు. ఆయన “సరే” అని నన్ను దాటుకుని ముందుకు పోయాడు. ఓదార్చలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అందుకు ఆయనకు ఎంతో రుణపడ్డాను.

నడుమెత్తు స్తంభం, దానికి చుట్టిన రేకు. అంతే. చుట్టూ పొగమంచు, ఏ దృశ్యమూ లేదు. ఆయన రెండడుగుల ఇవతలే ఆగి పక్కకు తప్పుకున్నాడు.

“రండి, ముందు మీరు ముట్టుకోండి.”

“దారి వేసింది మీరు. మీరే ముట్టుకోండి.”

“మళ్లీ మొదలెట్టకండి బాబూ, చలేస్తంది,” అని గ్లోవ్ తీసి రేకు మీద చెయ్యేశాడు. తరవాత నేను వేశాను. పులిహోర నిలబడే తిన్నాం.

లోయలోకి దిగి కారెక్కాక ఆయన వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. కింద అభినందనలు మొదలయ్యాయి. ముందుండి నడిపించారు సార్ అని ఎవరో నాకు రాశారు. వేళ్లు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. చివరి మైలులో నేను వేసిన దారి రెండు వందల అడుగులు కూడా లేదు, మిగతాదంతా ఆయనదే అని టైప్ చేశాను. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని పంపేశాను. పక్క సీట్లో ఆయన ఫోన్ మోగింది. చదివి, హీటర్ నా వైపు తిప్పాడు.